పసిచూపుకి కులం నేర్పిందెవరు?

పసిబిడ్డలు ఎదుటి మనిషిని ఎట్లా అర్థం చేసుకుంటారో మనస్తత్వ శాస్త్రం చాలానే చెప్పింది. గానీ ఆ బిడ్డ ఊళ్లో పుట్టిందా, వాడలో పుట్టిందా అని అడగలేదు. మా పేచీ అక్కడే.

2007లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు హామ్లిన్, విన్, బ్లూమ్ బిడ్డలకు ఒక బొమ్మలాట చూపించారు. గుట్ట ఎక్కుతున్న బొమ్మను ఒకటి పైకి నెడుతుంది, ఇంకొకటి కిందికి తోస్తుంది. ఆరు నెలల బిడ్డలు 12 మందికి 12 మందీ సాయం చేసిన బొమ్మనే అందుకున్నారు. ఇంకేముంది, నీతి పుట్టుకతోనే వస్తుందన్నారు. 2013లో 'జస్ట్ బేబీస్' అనే పుస్తకం రాసిన బ్లూమ్, పరాయివాళ్లంటే పడకపోవడం కూడా మన స్వభావంలోనే ఉందన్నాడు. మనువాదుల చేతికి ఇంతకంటే మంచి కర్ర దొరుకుతుందా? అయితే 2024లో 37 ప్రయోగశాలలు కలిసి అదే తరహా పరీక్ష పెడితే సాయం చేసిన బొమ్మను ఎంచుకున్నది సుమారు సగంమందే.

పరాయితనం సంగతీ అంతే. 2006లో బార్-హైమ్ బృందం మూణ్నెల్ల బిడ్డల్ని పరిశీలించింది. ఇజ్రాయెల్‌లోని తెల్లబిడ్డలు తెల్లమొహాల వైపు, ఇథియోపియాలోని నల్లబిడ్డలు నల్లమొహాల వైపు ఎక్కువసేపు చూశారు. ఇజ్రాయెల్‌లో రెండు రకాల మొహాల మధ్య పెరుగుతున్న ఇథియోపియా బిడ్డలు మాత్రం ఎటూ మొగ్గలేదు. ఎక్కువసేపు చూడటం ద్వేషం కూడా కాదు గదా, అలవాటు. ఆ అలవాటును ఊరూ వాడా విడగొట్టినవాళ్లే తయారుచేస్తున్నారు.

1985లో సోర్స్ బృందం చేసిన ప్రయోగాన్ని మేం వాడలో నిలబడి చదువుతాం. ఏడాది బిడ్డల్ని గాజుపలక మీద వదిలారు. గాజు కింద గుంట ఉన్నట్టు కనబడుతుంది. అవతల తల్లి నవ్వితే 19 మందిలో 14 మంది దాటారు. తల్లి మొహంలో భయం కనబడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. దొర వాకిట్లో నిలబడ్డ కూలితల్లి మొహంలో ఏముంటదో చంకలో బిడ్డ చదవదా? ఎత్తిపోసే నీళ్లను, విడిగా పెట్టిన గ్లాసును చూడదా? గడప లోపలి బిడ్డ కూడా తన తల్లి చీదరింపును అంతే బాగా చదువుతుంది.

1901లో, తొమ్మిదేళ్ల వయసులో జరిగిన గోరేగావ్ ప్రయాణానికి ముందే తాను అంటరానివాడినని తెలుసునని 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో బాబాసాహెబ్ రాశారు. బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చోవడం, ప్యూను వచ్చి కుళాయి తిప్పితేనే నీళ్లు తాగడం ఆ పాఠాలు.

దళిత తల్లులే పిల్లలకు న్యూనత నూరిపోస్తారనే మేధావుల్ని మేం అడుగుతున్నాం: ఆ తల్లి మొహంలో భయం పెట్టిందెవరు? అది తేల్చని శాస్త్రం సగం శాస్త్రమే. కులం మనిషి స్వభావం, అది పోదు అనేవాళ్లకు ఎటూ మొగ్గని ఆ మూణ్నెల్ల చూపే జవాబు. ఊరి బిడ్డా వాడ బిడ్డా అంగన్‌వాడీలో ఒకే వరసలో కూర్చుని దళిత ఆయమ్మ వండిన అన్నం తినాలి. పసిమనసు మీద పరిశోధన ఆ వరస దగ్గర్నుంచి మొదలుకావాలి.