సూత్రం ఉంది, రసాయనం ఏది?

భిలాయి ఉక్కునగరం పక్కన రిసాలిలో ఉన్నా, విశాఖ ఉక్కునగరంలో ఉన్నా, డిగ్రీ రసాయనశాస్త్రం చదివే మీకు ఈ లెక్క తప్పదు. 0.1 మోలార్ సోడియం క్లోరైడ్ 50 మి.లీ. తీసుకుని, వెండి తీగను, కాలోమెల్ ఎలక్ట్రోడ్‌ను ముంచి, బ్యూరెట్ నుంచి 0.1 మోలార్ సిల్వర్ నైట్రేట్ పోస్తే ఘట పొటెన్షియల్ ఎంత? మన గైడ్లు చాలావరకు సూత్రం ఇచ్చి, అంకెలు వేయించి వదిలేస్తాయి. మార్కులు వస్తాయి గాని రెండు సంగతులు మరుగున పడతాయి.

మొదటిది చూడండి. 49 మి.లీ. పోశాక ద్రావణంలో వెండి అయాన్లు ఎన్ని? పోసిన వెండి అంతా అవక్షేపమైంది కనుక సున్న అనుకుంటే లెక్క ఆగిపోతుంది. సున్నకు లాగరిథమ్ లేదు. మీరు చూడవలసింది మిగిలిన క్లోరైడును. 99 మి.లీ.లో 0.1 మిల్లీమోల్, అంటే దాదాపు 0.001 మోలార్. సిల్వర్ క్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం 1.8 × 10⁻¹⁰. దాన్ని 0.001తో భాగిస్తే వెండి అయాన్ల గాఢత 1.8 × 10⁻⁷ మోలార్. నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద వెండి ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ 0.40 వోల్టులు. సంతృప్త కాలోమెల్‌ది 0.24 తీసేస్తే ఘటానిది 0.16. ఇలాగే 25 మి.లీ. వద్ద 0.07, 50 వద్ద 0.27, 51 వద్ద 0.38 వస్తాయి. 25 నుంచి 49 దాకా పెరిగింది 0.09 వోల్టు మాత్రమే. ఆ తర్వాతి 2 మి.లీ.లోనే 0.22! తుల్యతా బిందువును పట్టిచ్చేది ఈ పెరుగుదలే. ఒక్క బిందువు వద్ద లెక్క కట్టించి ఊరుకునే గైడు దీన్ని చూపదు.

రెండోది ఇంకా పెద్ద లోపం. కాలోమెల్ ఎలక్ట్రోడ్‌లో ఉండేది పొటాషియం క్లోరైడ్. అది కొద్దికొద్దిగా బీకరులోకి కారుతుంది. అంటే కొలవవలసిన క్లోరైడును మనమే కలుపుతున్నాం! అందుకే మధ్యలో పొటాషియం నైట్రేట్ లవణ సేతువు పెడతారు. కాగితం మీద లెక్కకు ఇది అక్కరలేదు, ప్రయోగానికి కావాలి.

నెర్న్‌స్ట్ సమీకరణం 1889 నాటిది. 1893లో రాబర్ట్ బేరెండ్ లైప్జిగ్‌లో చేసిన తొలి పొటెన్షియోమెట్రిక్ అంశమాపనం కూడా అవక్షేపానిదే. అందులో పాదరస లవణ ద్రావణాన్ని హాలైడ్లతో అంశమాపనం చేశారు. నీరు రంగుగా ఉంటే క్రోమేట్ సూచిక మార్పు సరిగా కనపడదు. వెండి తీగకు రంగుతో పనిలేదు. కర్మాగారాల నీటిలో క్లోరైడు ఎక్కువైతే లోహపు గొట్టాలు తుప్పు పడతాయి గనుక ఈ కొలత ఉత్త పరీక్ష ప్రశ్న కాదు.

కాబట్టి సూత్రం రాసేముందు ఒక్కమాట అడగండి: ఈ క్షణాన బీకరులో ఏది మిగిలింది? తర్వాత కనీసం ఆరు బిందువులకు లెక్క కట్టి గ్రాఫు గీయండి. గైడు చెప్పని సగం అందులో కనిపిస్తుంది.