శేషప్పకవి నరసింహశతకము – వస్తువిశేషము

శతకములను భక్తి, నీతి, వైరాగ్యాదులుగా విభజించి, ఒక్కొక్క పద్యమునకు తాత్పర్యము వ్రాయించుట మన పాఠశాలలలో చిరకాలముగా సాగుచున్న పద్ధతి. ఇది సులభమైనదే. కాని దీనివలన కొన్ని పద్యముల ప్రాణమే జారిపోవుచున్నదని మా యభిప్రాయము. ధర్మపురి శేషప్పకవి నరసింహశతకము ఇందులకు తగిన నిదర్శనము.

ధర్మపురి గోదావరీతీరక్షేత్రము. పూర్వపు కరీంనగరు జిల్లాలోనిది. 2016లో జగిత్యాల జిల్లాలో చేరినది. నదికి ఆవలిగట్టు పూర్వపు ఆదిలాబాదు జిల్లా. ఆ క్షేత్రస్వామినే సంబోధించుచు శేషప్ప సీసములలో తన శతకమును చెప్పెను.

శతకారంభమున కవి తన చదువు కొరతను చెప్పుకొనును. వినయప్రదర్శనము కవులకు ఆచారమే. అయితే ఈతడు తా నల్పజ్ఞుడనని యూరకుండలేదు. గణయతిప్రాసల లక్షణము, పంచకావ్యములు, అమరము మూడు కాండములు అని తాను చదువనివాటిని పేరుపేరున లెక్కించెను. అవి నాటి విద్యార్థి యెక్కవలసిన మెట్లు. పిదప, చెరకుగడ వంకరయైనను తీపి చెడదుగదా యని స్వామికి విన్నవించెను. ఈ లెక్క లేనిచో వినయము ఆచారమాత్రముగా మిగులును. ఉండుటచే అది యొక మనుష్యుని యథార్థస్థితియైనది.

మరణకాలమున దైవస్మరణము భక్తికవుల కందరికిని సామాన్యవిషయము. శేషప్ప దాని నెట్లు చెప్పెనో చూడుడు. యమదూతలు వచ్చిన వేళ కఫవాతాదులు క్రమ్మి భ్రమ కలిగినచో, నోట స్వామినామము వెలువడునో వెలువడదో! కావున ఆనాటి భజనము ఈనాడే చేయుచున్నాను, చెవియొగ్గి వినుమని వేడెను. దీనికి "జీవించియుండగనే దైవమును స్మరింపవలెను" అని తాత్పర్యము వ్రాసిన తప్పు గాదు. కాని అందు భయము లేదు. గొంతున కఫ మడ్డుపడు ధ్వని, రోగి మంచముకడ కూర్చున్న ప్రతివాడును ఎరిగినదే. ఈ భక్తుడు భయపడునది చావునకు గాదు, మాట పడిపోవుటకు. ఈ భేదమును మనకు తెలుపునది ఆ కఫమొక్కటియే. ధర్మపురిలో యమధర్మరాజునకును ఆలయము గలదు. ఆ క్షేత్ర మెరిగిన చదువరికి యమదూతలు పురాణమాత్రమున నుండువారు గారు.

ఐనను ఇందలి విశేషములన్నియు సమానబలము గలవి కావు. గాడిదకు కస్తూరి యేల, కోతికి చందన మేల యని సాగు పద్యమొకటి కలదు. అందు కోతికి మారుగా ఎలుగుబంటిని నిలిపినను అర్థమునకు లోటు రాదు. ధనమును గూర్చిన పద్య మట్టిది కాదు. ఎంత ధనికుడైనను తినునది ఉప్పు కలిసిన అన్నమే గాని బంగారము గాదని కవి యనుచున్నాడు. ఉప్పునకు బదులు పాయసమనినచో పద్యము కూలును. ఏలయన, ఉప్పు కూలివాని కూటిలో నుండునది. ధనికుని దెచ్చి కూలివాని సరసన కూర్చుండబెట్టునది ఆ ఉప్పే.

దండి స్వభావోక్తిని అర్థాలంకారములలో మొదట నిలిపెను. కుంతకుడు వక్రోక్తిజీవితమున దాని నలంకారముగా నంగీకరింపలేదు. వస్తుస్వభావము అలంకార్యమని, కావ్యమునకు శరీరమని యతని వాదము. కోతికి పూసిన చందనము పైపూతయే. ఉప్పును కఫమును పూత లనజాలము. వానిని తొలగించిన మిగులునది పద్యము గాదు, ఎవరైనను చెప్పదగిన హితవు.

కావున శతకపద్యమును బోధించునపుడు తాత్పర్యమునకు ముందే "ఇందు ఏ వస్తువును మార్చిన పద్యము చెడును?" అని విద్యార్థి నడుగుట మేలు. శతకవాఙ్మయమున పరిశోధించువారును, విభాగములను నిర్ణయించుటతో తృప్తిపడక, ఈ ప్రశ్నతో ఒక్కొక్క శతకమును పరీక్షింతురేని, నీతిని వల్లించిన కవియెవడో, దానిని తాననుభవించి చెప్పిన కవియెవడో తేటపడగలదు. తన కమరము రాదని చెప్పుకొనిన శేషప్ప రెండవ పంక్తిలో నిలుచునని మా విశ్వాసము.