భట్టిప్రోలు అక్షరములు – తెలుగు వ్యాసములు

తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలు మార్గములో భట్టిప్రోలు అను ఊరు కలదు. మొన్నటివరకు ఇది గుంటూరు జిల్లాలోనిది. 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరినది. ఈ ఊరి పేరు తెలుగు పత్రికలలో తరచుగా కనబడును. కనబడినప్పుడెల్లను దాని వెంట ఒక వాక్యము తప్పక ఉండును: తెలుగు లిపి పుట్టిన చోటు ఇదియే యని. ఉత్సవ సంచికలలోను, పోటీ పరీక్షల పుస్తకములలోను, ఆదివారపు అనుబంధములలోను ఈ వాక్యమే చేతులు మారుచు వచ్చినది. ఈ మాట ఏ ఆధారము మీద నిలిచినదని అడిగిన పాఠకునకు ఆ వ్యాసములలో చాలవరకు సమాధానము దొరకదు. పండితుల పరిశోధనను సామాన్యునికి అందించు రచన ఎచ్చట కుంటుపడుచున్నదో తెలిసికొనుటకు ఈ ఒక్క ఉదాహరణము చాలును.

1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ ఇచటి స్తూపమును త్రవ్వించినాడు. అప్పటికే స్తూపములో చాల భాగము పోయినది. రోడ్లకును, కాలువ పనులకును ఇటుకలు, రాళ్లు తరలిపోయినవి. మిగిలిన కట్టడపు గర్భములో మూడు రాతి పేటికలు దొరకినవి. వాటిలో స్ఫటికపు భరిణెలు, ధాతువులు, బంగారు పూలు, పూసలు ఉన్నవి. పేటికల మీద అక్షరములు చెక్కియున్నవి. జార్జి బ్యూలర్ అను పండితుడు ఆ అక్షరములను చదివి ఎపిగ్రాఫియా ఇండికా రెండవ సంపుటములో ప్రకటించినాడు.

ఇంతవరకు తెలుగు వ్యాసములన్నియు బాగుగనే చెప్పుచున్నవి. త్రవ్వకపు కథ చెప్పుట సులభము, వినుటయు సులభమే. అక్షరముల దగ్గరకు వచ్చుసరికి వ్యాసకర్తలు హఠాత్తుగా తొందరపడుదురు. “విలక్షణమైన లిపి” అని ఒక మాట వ్రాసి ముందునకు సాగిపోవుదురు. ఆ వైలక్షణ్యమేదో చెప్పిననాడు గదా పాఠకునకు ఆనందము! అది పదవ తరగతి విద్యార్థికి అందని విషయమును కాదు.

అశోకుని శాసనములలో “క” అక్షరమును ఒట్టిగా వ్రాసిన “క” యనియే చదువవలెను. దాని తలవద్ద కుడి ప్రక్కకు ఒక చిన్న గీత గీసిన “కా” అగును. భట్టిప్రోలు పేటికల మీద ఈ గీత దాదాపు అడుగడుగునను కనబడును. అశోకుని సూత్రమును పట్టుకొని చదివినచో ఏమగునో చూడుడు. దాతలలో కుర అను పేరుగల వాడొకడున్నాడు. “కురుని యొక్క” అను అర్థమున ప్రాకృతములో “కురస” అని ఉండవలెను. గీతలను లెక్కించి చదివిన “కురాసా” అని వచ్చును. పేటికను చెప్పు “మజూస” అను మాటయు, బుద్ధధాతువులను చెప్పు “బుధ సరీర” అను మాటయు ఇట్లే అవసరము లేని దీర్ఘములతో సాగిపోవును. ఒకచోటనైన చెక్కినవాని పొరపాటనవచ్చును. వరుసగా ప్రతి మాటలోను పొరపాటు జరుగదు. కనుక ఇచట ఆ గీతకు విలువ “ఆ” కాదు, “అ” యని తేలినది. నిజముగా దీర్ఘము కావలసినచోట వేరొక గుర్తు కలదు. గీత లేని ఒట్టి అక్షరమునకు అకారము లేదన్నమాట. ఇంతేగాక “మ” తలక్రిందులైనది; “ఘ” అక్షరమును “గ” నుండి క్రొత్తగా కల్పించినారు. అదే త్రవ్వకములో దొరకిన ఒక స్ఫటికము మీది శాసనము మాత్రము సాధారణ బ్రాహ్మీ పద్ధతిలోనే ఉన్నది. ఒకే దిబ్బలో రెండు పద్ధతులు!

ఈ తర్కము గణితములో తెలియని రాశిని కనుగొనుట వంటిది. దీనిని విడిచి ఫలితమును మాత్రము చెప్పు వ్యాసము, లెక్క చేయక జవాబు వ్రాసిన విద్యార్థి కాగితము వలె ఉండును.

ఇక “పుట్టిన చోటు” అను మాట. నేటి తెలుగు అక్షరముల మీది తలకట్టును చూపి, భట్టిప్రోలు గీతయే ఇది యని కొందరు వ్రాయుచున్నారు. పోలిక ఆకర్షకమైనదే. తలకట్టుతో “క”, తలకట్టు తీసి మరియొక గుణింతపు గుర్తు పెట్టిన వేరొక స్వరము. చూచుటకు సరిగ్గా అట్లే ఉన్నది. కాని రెంటికి నడుమ ఎన్నో శతాబ్దులు కలవు. శాతవాహనులనాటి అమరావతి శాసనములలోను, ఇక్ష్వాకులనాటి నాగార్జునకొండ శాసనములలోను ఒట్టి అక్షరమే అకారముతో పలుకును. అనగా భట్టిప్రోలు పద్ధతి ఆ సీమలోనే నిలువలేదు. తలకట్టు తరువాతి కాలపు దక్షిణాది లిపులలో అక్షరముల తలమీద పెరిగిన గుర్తు నుండి వచ్చినది. తాతకును మనుమనికిని ముక్కు ఒకే తీరున నున్నదని చెప్పబోయి, నడుమ తండ్రి ఎవరో చూపకున్నచో వంశవృక్షము కుదరదు. పైగా ఈ పేటికల మీది భాష ప్రాకృతమే గాని తెలుగు కాదు. ఈ చిన్న సంగతి ఎన్ని వ్యాసములలో జారిపోయినదో!

కాలము సంగతియు ఇట్టిదే. బ్యూలర్ సుమారు క్రీ.పూ. 200 అన్నాడు. తరువాతివారిలో కొందరు దానిని క్రీ.పూ. రెండవ శతాబ్దికి, ఇంకను ఈవలకు తెచ్చుచున్నారు. సంచికలలో మాత్రము అది ఆవలకే జరుగుచున్నది. 2008లో తెలుగునకు ప్రాచీన భాషా ప్రతిపత్తి వచ్చిన సందడిలో ప్రతి పాతరాతికిని మరికొంత వయస్సు పెరిగినది. అమరావతి శాసనఖండములో వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించిన “నాగబు” అను పదమునకును ఇదే గతి పట్టినది. అది ఖండము, అనగా విరిగిన ముక్క, అను విశేషణమును వ్యాసకర్తలు తరచుగా రాల్చివేయుదురు. విరిగినచోట మరికొన్ని అక్షరములు ఉండియుండవచ్చునని పాఠకునకు తెలియుట పదమును అవమానించుట కాదు.

వింత యేమనగా, ఈ అతిశయోక్తుల వెనుక వాటికంటె రసవత్తరమైన ప్రశ్న ఒకటి మరుగుపడినది. అకారమునకు ప్రత్యేకముగా గీత పెట్టవలసిన అవసరము ఎందుకు కలిగినది? ప్రాకృతములో మాటలు సాధారణముగా అచ్చుతోనో సున్నతోనో ముగియును. ద్రావిడ భాషలలో హల్లుతో ముగియు మాటలు అనేకము. అట్టి భాష మాటలాడువారు బ్రాహ్మీని చేపట్టినప్పుడు హల్లును ఒంటరిగా వ్రాయు ఉపాయము కావలసివచ్చును. తమిళదేశపు గుహలలోని ప్రాచీన శాసనములు కొన్నింటిలో ఇట్టి ప్రయత్నమే కనబడుచున్నది. ఐరావతం మహాదేవన్ 2003లో ప్రకటించిన గ్రంథములో దీనిని విపులముగా చర్చించినాడు. కృష్ణాతీరమున ప్రాకృతము చెక్కిన చేతి వెనుక ఏ భాష ఉండెనో అను ఊహకు ఇచట తావున్నది. ఊహను ఊహగానే చెప్పవలెను, అంతే.

ఇదే సీమలో మరియొక విధమైన పరిశోధన ఎట్లు ప్రజలకు చేరుచున్నదో పోల్చి చూడదగును. 2021–22లో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప చేలపై నల్ల తామర పురుగు విరుచుకుపడినది. పాత తామర పురుగు ఆకును పైకి ముడుచును. రైతులు దానిని పైముడత యందురు. క్రొత్తది పూవులో చేరి పూత రాల్చును. ఈ భేదము తెలియక, మందు మీద మందు కొట్టిన రైతునకు ఖర్చే మిగిలినది. అందువలన వ్యవసాయ శాస్త్రజ్ఞుల తెలుగు కరపత్రములో “ఎట్లు గుర్తింపవలెను” అను వాక్యము ముందు వచ్చును. రైతు ఆకు త్రిప్పి, పూవు విప్పి చూచును. మాట తప్పైనచో మరునాడే నిలదీయును. లిపిచరిత్రలో తప్పు వ్రాసిన ఏ చేనును ఎండదు. కనుక అడుగువారు లేరు.

తెలుగునకు ఈ విద్య క్రొత్తదికాదు. 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రను, ప్రకృతిశాస్త్రములను వాడుకరి పాఠకునకు చేర్చుటకే పుట్టినది. దాని సంపాదకుడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు స్వయముగా శాసనములు పరిశోధించినవాడు. పరిశోధకుడే పాఠకునికై వ్రాసినప్పుడు ఎచ్చట తగ్గి చెప్పవలెనో అతనికి తెలియును. ఆయన తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము “అ” అక్షరము దాటకుండగనే 1923లో ఆయన మరణించినాడు. తరువాత తిరుమల రామచంద్ర లిపుల పుట్టుపూర్వోత్తరములను సామాన్యులకై ఒక పుస్తకముగా వ్రాసినాడు. అట్టి పుస్తకములు చదివి వ్యాసములు వ్రాయువారికంటె, ఒక వ్యాసమును చూచి మరియొక వ్యాసము వ్రాయువారే నేడు ఎక్కువైనారు.

నేడు భట్టిప్రోలు దిబ్బవద్దకు పోయిన విద్యార్థికి ఇటుకల కట్టడము కనబడును. తాను విన్న అక్షరములు అచట కనబడవు. పేటికలు ఏనాడో చెన్నపట్టణపు మ్యూజియము చేరినవి. బ్యూలర్ వ్యాసము ఇంగ్లీషులో ఉన్నది. ఆ కొద్ది శాసనముల పాఠము, ఒక అక్షరముల పట్టిక, “కురస” ఎట్లు చదువబడినదో చెప్పు రెండు పుటలు, అభిప్రాయభేదములకు మరి రెండు పుటలు: తెలుగున అచ్చువేయుటకు పదునారు పుటల చిన్న పుస్తకము చాలును.