అడవిని తల్లి అంటే సరిపోతుందా?

2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ మీద ఆందోళన నడిచినప్పుడు ఫేస్‌బుక్ నిండా కవితలొచ్చాయి. దొరికిన కొన్నిటిని ఈమధ్య వరసపెట్టి చదివాను. దాదాపు అన్నిట్లోనూ అడవి తల్లి, చెంచు అమాయకపు బిడ్డ, తవ్వేవాడు రాక్షసుడు. కోపం నిజమైనదే. కానీ నేను చదివిన ఏ కవితలోనూ ఆ రాక్షసుడు నోరు తెరిచి తన వాదన చెప్పడు.

ఆ వాదన తీసిపారేసేదేం కాదు. బొగ్గు కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అణు రియాక్టర్ నడుస్తుంటే రాదు. భూమి వేడెక్కకుండా ఉండాలంటే యురేనియం తవ్వాలి కదా అంటారు. మా ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర కూడా ఇదే మాట. అడవి తల్లి అన్నంత మాత్రాన అక్కడెవరూ ఒప్పుకోరు.

జవాబు లేక కాదు. కడప జిల్లా తుమ్మలపల్లె గని ఖనిజంలో టన్నుకి సుమారు అర కిలో యురేనియమే ఉంటుంది. మిగతాదంతా పొడి చేసి, రసాయనాల్లో కలిపి, చివరికి బురదగా చెరువులోకి వదలాల్సిందే. ఖనిజంలోని రేడియోధార్మికతలో ఎక్కువ భాగం ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులోని థోరియం-230 సగానికి తగ్గడానికే సుమారు 75 వేల ఏళ్ళు పడుతుంది. ఇక అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అన్వేషణకి అడిగింది 83 చదరపు కిలోమీటర్లు. అక్కడ రిగ్గులకి దారి వేయాలంటే కార్బన్‌ను దాచుకున్న చెట్టునీ మట్టినీ కదిలించాలి. 'శుభ్రమైన కరెంటు' లెక్క రియాక్టర్ గేటు దగ్గర మొదలవుతుంది. కవి దాన్ని గని దగ్గర మొదలుపెట్టగలడు. ఆ బురద చెరువు ఏ కవితలోనూ నాకు కనపడలేదు.

'అమాయకపు బిడ్డ' దగ్గరా నాకు పేచీ ఉంది. అహోబిలం నరసింహస్వామి చెంచులకి అల్లుడు. దేవుడికే పిల్లనిచ్చిన వాళ్ళని మనం బిడ్డలనడమేంటి? వాళ్ళు ఆ కొండకి వియ్యాలవారు. మర్యాద అడిగే హక్కూ, జరగకపోతే నిలదీసే హక్కూ ఉన్నవాళ్ళు. జాలి కంటే ఈ చుట్టరికంలో కవిత్వం ఎక్కువుంది.

ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానించింది. హ్యాష్‌ట్యాగ్ చల్లారింది, కవితలూ ఆగాయి. కరెంటు అవసరం మాత్రం పెరుగుతూనే ఉంది. ఆ వాదన మళ్ళీ వస్తుంది, ఈసారి పచ్చ కండువా కప్పుకుని. అప్పటికి మన కవితలు టన్నుకి అర కిలో లెక్కని కూడా మోయగలగాలని నా ఆశ.