బాడుగ కారూ, శాకుంతలమూ

ఈ మధ్య వరసగా పదీ పన్నెండు కథలు చదివాను. కొన్ని వారపత్రికల్లోవి, కొన్ని సంపుటాల్లోవి, రెండు మూడు ఇంకా అచ్చు కాని రాతప్రతులు. అన్నింట్లోనూ ఎవరో వొకరు విదేశానికి వెళ్ళిపోతారు. కొడుకో, కూతురో, కోడలో. వెళ్ళనివ్వండి, అది వాళ్ళ తప్పు కాదు. నా పేచీ అంతా వాళ్ళు వెళ్ళే తీరుతోనే. వొక పేరాలో ఇంట్లో పెట్టెలు సర్దుతుంటారు. తల్లి ఆవకాయ సీసా మూతికి గుడ్డ కడుతూ వుంటుంది. తరవాతి పేరాలో విమానాశ్రయం, అద్దాల తలుపులు. అద్దానికి ఇవతల చెయ్యి వూపే తల్లి, అవతల వెనక్కి తిరిగి చూడని కొడుకు. మరి మధ్యలో ఏమైనట్టు?

హైదరాబాదు వాళ్ళకు ఈ ప్రశ్న తట్టదేమో. వాళ్ళకు శంషాబాదు గంట దారి. మేము అనంతపురం వాళ్ళం. మాకు విమానం అంటే బెంగుళూరే, దేవనహళ్ళి దగ్గర 2008లో తెరిచిన విమానాశ్రయం. మా గడప నుంచి అక్కడికి దాదాపు 180 కిలోమీటర్లు. రాప్తాడు, మరూరు టోలుగేటు, చెన్నేకొత్తపల్లి, పెనుకొండ, సోమందేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు. అక్కడితో మన రాష్ట్రం అయిపోయి బాగేపల్లి, చిక్కబళ్ళాపురం. మూడు గంటల పైమాటే. ఈ మూడు గంటలూ, ఈ వూళ్ళన్నీ రెండు పేరాల మధ్య వదిలేసిన తెల్లకాగితంలో మాయమైపోతున్నాయి.

ఇతరుల్ని అనడం ఎందుకు, నేనూ ఆ పని చేసినదాన్నే. నా మూడో నవలలో నాయిక సరిగ్గా అట్లాగే వెళ్ళిపోయింది. అద్దం, చెయ్యి వూపడం, అన్నీ వున్నాయి. ఆ ఘట్టం రాసి నేనే కళ్ళు తుడుచుకున్నాను. కదిరి నుంచి వొక పాఠకురాలు ఉత్తరం రాసింది. నవల బాగుందని రెండు మాటలన్నాక అడిగింది: "మీ నాయిక అనంతపురం నుంచి ఏరోప్లేను దగ్గరికి ఎట్ల పోయిందమ్మా? ఎవరి కారు? బాడుగ ఎవరిచ్చినారు? వాళ్ళమ్మ తిరిగి ఎట్ల వచ్చింది?"

మొదట నవ్వొచ్చింది. ఏడాదిపాటు చెమటోడ్చి నవల రాస్తే బాడుగ ఎవరిచ్చారని అడుగుతుందేమిటి! కానీ విమర్శకులెవరూ అడగని ప్రశ్న అడిగిందని తరవాత తెలిసివచ్చింది. అప్పటినుంచి ఏ కథలో ఎవరు ప్రయాణం కట్టినా ముందు వాహనాన్నే చూస్తున్నాను.

ఆ కళ్ళతో మళ్ళీ శాకుంతలం తీశాను. నాలుగో అంకం సాగనంపడానికి పెట్టింది పేరు కదా. అందులో కాళిదాసు దారిని దాటవెయ్యలేదు సుమండీ! శకుంతల కాలినడకన బయలుదేరుతుంది. చెట్లకు చెప్పాలి, తీగను కౌగిలించుకోవాలి. పెంచిన జింకపిల్ల వెనకనుంచి చీరచెరగు పట్టి లాగుతుంది. నడక కనక ఇవన్నీ కుదిరాయి. రథమే ఎక్కించి వుంటే ఆ జింకపిల్లకు చెరగు అందేదా? కొంతదూరం పోయాక శార్ఙ్గరవుడు గురువుగారికి గుర్తుచేస్తాడు, ఆత్మీయుల్ని నీటి ఒడ్డు దాకా మాత్రమే సాగనంపాలని. ఎదురుగా చెరువు. అక్కడ చెట్టునీడలో ఆగి చెప్పవలసినవన్నీ చెప్పి కణ్వుడు వెనక్కి తిరుగుతాడు.

నీరు కనబడేదాకా అన్నమాట. మా అనంతపురంలో ఆ నియమం పాటిస్తే సాగనంపేవాళ్ళు కూడా సగం దేశం దాటి పోవలసిందే! మాది దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో వొకటి. పెన్న పేరుకు నది. ఆ ఇసకను చూసే కదా విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' రాశారు.

కాళిదాసు ఇంకో పని కూడా చేశాడు. తిరిగి వచ్చేవాళ్ళను మరిచిపోలేదు. శకుంతల చెట్ల చాటుకు వెళ్ళాక ప్రియంవద, అనసూయ బోసిపోయిన తపోవనంలోకి ఎట్లా అడుగుపెట్టడమని బాధపడతారు. కణ్వుడు మాత్రం, ఎవరో దాచుకున్న సొమ్ము భద్రంగా తిరిగి అప్పగించినట్టు మనసు తేలికపడిందంటాడు. ఆడపిల్లను బాడుగ కారులాగా అసలు యజమానికి అప్పగించి హాయిగా వూపిరి పీల్చుకున్నాడన్నమాట, పెద్దాయన. ఆ మాటతో మనకు తగువు వుండనే వుంది. అయినా తిరిగివచ్చే దారిని కూడా రాసినందుకు కవికి దణ్ణం పెట్టాలి.

మనవాళ్ళకు దారిని రాయడం చేతకాక కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి పల్లకీలో కాశీకి బయలుదేరి, కడప మీదుగా వెళుతూ ఏ మజిలీలో ఏం దొరుకుతుందో, దారి ఎట్లాంటిదో ఓపిగ్గా రాసిపెట్టారు. పాలగుమ్మి పద్మరాజుగారి 'పడవ ప్రయాణం' మీరు చదివే వుంటారు. కథ సాంతం పడవలోనే జరుగుతుంది. ఆయన 'గాలివాన' రైల్లో మొదలై స్టేషనులో ముగుస్తుంది. 1952లో అంతర్జాతీయ పోటీలో బహుమతి తెచ్చిన కథ అది. పడవకు కథ వుంది, రైలుకు కథ వుంది. నేను చదివినంతలో బాడుగ కారుకు ఆ స్థాయి కథ కనబడలేదు. ఎందుకని?

నాకు తోచిన కారణం చెబుతాను. పడవలో, రైల్లో అందరూ పరాయివాళ్ళే. పరాయివాళ్ళ ముందు మనసు విప్పుకోవచ్చు. కారులో నలుగురు అయినవాళ్ళు, వొకే వొక్క పరాయివాడు. అతనే డ్రైవరు. ఆ వొక్కడి ఎదుట ఏడవడానికి మధ్యతరగతి వాళ్ళకు సిగ్గు. అంచేత మూడు గంటలూ సామాను లెక్కలే మాట్లాడుకుంటాం. పెట్టె ఇరవైమూడు కిలోలు దాటిందేమో, శెనక్కాయల పొడి అడుగున పెట్టానా, పాస్‌పోర్టు ఎవరి దగ్గర వుంది? ఇవి పైపై మాటలని మన రచయితలు వదిలేస్తున్నారు. ఆ మాటల కిందనే అసలు మాట వుందని పట్టుకోగలిగితే కదా కథ! వొక తల్లి ముప్పావుగంటలో నాలుగుసార్లు పాస్‌పోర్టు గురించి అడిగిందంటే, ఆమె అడుగుతున్నది పాస్‌పోర్టు గురించి కాదు కదా.

ఇక ఆ డ్రైవరు. మన కథల్లో అతనికి వొకటే వాక్యం: "డ్రైవరు కారు ఆపాడు." పేరుండదు, ముఖం వుండదు. మా తమ్ముడు మొట్టమొదట అమెరికా వెళ్ళింది 2009లో. మాట్లాడుకున్న బాడుగ రానూ పోనూ. కిలోమీటరుకింత, డ్రైవరు బత్తా ఇంత, టోలు వేరే. పోయేటప్పుడు ఆరుగురం, వచ్చేటప్పుడు ఐదుగురం, బాడుగలో మాత్రం తేడా లేదు. అప్పుడు మా నాన్నగారున్నారు. ముందుసీట్లో కూర్చున్నారు. విమానం అర్ధరాత్రి దాటాక. గుమ్మం దగ్గరే జవాను టికెట్టూ గుర్తింపు కార్డూ చూసి పంపించాడు, టికెట్టు లేని మేము బయటే ఆగిపోయాం. (కథల్లో తల్లులు సెక్యూరిటీ క్యూ దాకా వెళ్ళి కొడుకు తల నిమురుతున్నారు. ఎవరు రానిచ్చారో!) కార్లు అక్కడ నిలపగూడదని వెనకనుంచి ఈలలు. వీడ్కోలంతా రెండు నిమిషాల్లో అయిపోయింది.

తిరిగి వస్తుంటే కారులో చీమ చిటుక్కుమనలేదు. డ్రైవరు పాటలు పెట్టలేదు. వచ్చేటప్పుడు దారి పొడుగునా పెట్టినవాడు. చిక్కబళ్ళాపురం దాటాక నాన్నగారు ఉన్నట్టుండి అతన్ని అడిగారు, "నీకెంతమందప్పా పిల్లలు?" అని. ముగ్గురని చెప్పాడు. పెద్దవాడు ఐ.టి.ఐ., రెండోవాడికి చదువబ్బలేదు, ఆడపిల్ల తొమ్మిదో తరగతి. అనంతపురం చేరేదాకా అతను చెబుతూనే వున్నాడు, నాన్నగారు వింటూనే వున్నారు. మా ఇంట్లో మా చదువుల గురించి కూడా అంతసేపు మాట్లాడిన మనిషి కారాయన. తెల్లవారి ఇంటి ముందు దిగాక అతని భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నారు. ఏమన్నారో నేను వినలేదు. ఇప్పుడు అడుగుదామంటే నాన్నగారు లేరు. ఆ డ్రైవరు పేరు నేనూ అడగలేదు. నా నవలలో రావలసిన ఘట్టం అదీ. నేను అద్దం తలుపు రాశాను.

ఇంకొక సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. కారు మాట్లాడుకుని బయలుదేరేది మాలాంటి వాళ్ళం. కదిరి వైపు పల్లెల నుంచి కువైటుకు ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళున్నారు. వాళ్ళలో కొందరికైతే తెల్లవారుజామున బస్సెక్కడమే సాగనంపు. పాలు తాగే బిడ్డను అవ్వకు అప్పగించి వెళ్ళే ఆ తల్లుల దారి మరీ పెద్ద తెల్లకాగితం. దాన్ని నింపే శక్తి నాకు లేదు, వాళ్ళలోనుంచే ఎవరైనా రాయాలి. రాస్తే ముందు నేనే చదువుతాను.

మళ్ళీ వాహనం దగ్గరికి వస్తాను. మొన్నటి సంక్రాంతికి మా తమ్ముడు భార్యాబిడ్డతో వచ్చాడు. ఈసారి డ్రైవరు లేడు. బెంగుళూరులో తనే కారు బాడుగకు తీసుకుని తనే తోలుకొచ్చాడు. టాక్సీకైతే పసుపు పలక మీద నల్ల అక్షరాలు కదా, దీనికి నల్ల పలక మీద పసుపు అక్షరాలు. వీధిలో పిల్లలు దాన్ని వింతగా చూశారు. అన్నట్టు, మా నేల మీద, పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. వాన కురవని చోట కార్లు పండుతున్నాయని మా అమ్మ హాస్యం.

ప్రయాణం రోజు ఉదయమే అమ్మ మంచి చీర కట్టుకుని తయారైంది. తమ్ముడు నసిగాడు. "నువ్వెందుకులేమ్మా, ఈ కారు మళ్ళీ వెనక్కి రాదు. అక్కడే అప్పగించేసి మేము విమానమెక్కుతాం" అన్నాడు.

"మరి మేమెట్ల రావల్ల?" అంది అమ్మ.

ఎవరూ మాట్లాడలేదు. నాకప్పుడు తట్టింది. డ్రైవరున్న కారు సాగనంపేవాళ్ళను దేవనహళ్ళి దాకా తీసుకెళ్ళింది. డ్రైవరు లేని కారు వాళ్ళను మళ్ళీ వాకిట్లోకి నెట్టేసింది. ఎద్దులబండి రోజుల్లోలాగా ఇక గడప దగ్గరే అంతా. ఏ విమర్శకుడూ గమనించకుండానే వీడ్కోలు ఘట్టం వేదిక మారిపోయిందన్నమాట.

మా అమ్మ శాకుంతలం చదవలేదు. ఆమె నియమం ఆమెకుంది. "బస్సు దొరికే వూరిదాకా వస్తా. పెనుకొండలో దింపేయ్, నేనూ అక్కా బస్సులో వస్తాం" అంది. ఆ మాటకు తిరుగులేదు.

అమ్మ ముందు సీట్లో వాడి పక్కన కూర్చుంది. నేనూ మరదలూ పాపా వెనక. మరూరు టోలుగేటు దాటాక అమ్మ రోడ్డునే చూస్తూ అడిగింది, "ఇల్లు అమ్మేద్దామనుకుంటాండావంట కదా?"

వాడు మూడు వారాలు ఇంట్లో వున్నాడు. ఈ మాట ఎత్తడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు రాని మాట, ఇద్దరూ వొకే వైపు చూస్తున్నప్పుడు వచ్చింది. స్టీరింగు మీద చేతులుంటే వాడు లేచి పోలేడు, ఫోను చూసుకోలేడు. వినడానికి డ్రైవరూ లేడు. చెన్నేకొత్తపల్లి దాకా వాడు నోరు మెదపలేదు. తరవాత, "నువ్వు నా దగ్గరికి వస్తానంటేనేమ్మా" అన్నాడు. "నేను రాను, నువ్వు అమ్మొద్దు. నేను పోయినాక నీ ఇష్టం" అంది అమ్మ. కోపం లేదు, ఏడుపు లేదు. టోలు రశీదు చదివినట్టు చెప్పింది. వెనక మా మరదలు పాప చెవులు మూయబోయి, పాపకు తెలుగు అంతగా రాదని గుర్తొచ్చి చెయ్యి తీసేసింది.

బాడుగ కారుకు కథ లేదని ఇందాక అన్నాను కదా. ఆ మాట నేను సగమే వెనక్కి తీసుకుంటున్నాను. డ్రైవరున్న కారు కథ వేరు, లేని కారు కథ వేరు. రెండూ రాయవలసినవే. కారు కారే కదా అనుకున్నవాళ్ళు రెండూ రాయలేరు.

పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరు వుంది. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలవలో ఎత్తిపోసిన కృష్ణ నీళ్ళు అక్కడికి వస్తాయి. అంటే అనుకోకుండా మేము శార్ఙ్గరవుడి నియమం కూడా పాటించినట్టే. కానీ ఆ సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదు. బస్టాండులో అమ్మ పాపకు నిప్పట్ల పొట్లం ఇచ్చింది. తమ్ముడు ఏదో చెప్పబోయాడు. వెనకనుంచి బస్సు హారను. అక్కడా ఆగనివ్వలేదు.

వచ్చేటప్పుడు ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టరు మా ఇద్దరికీ సున్నా టికెట్లు కొట్టి ఇచ్చాడు. ఆంధ్రాలో ఆడవాళ్ళకు 2025 ఆగస్టు నుంచి బస్సు వుచితం కదా. అమ్మ ఆ టికెట్టును మడిచి పర్సులో దాచుకుంది. రాత్రి తమ్ముడు ఫోను చేశాడు. కారు అప్పగించాడట. లోపలంతా ఎర్రమట్టి వుందని కడగడానికని అడ్వాన్సులో కొంత పట్టుకున్నారట.

"మన మట్టికి డబ్బులు కట్టినాడా వీడు!" అంది అమ్మ.

కదిరి పాఠకురాలికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. ఇప్పుడు రాయాలి. నాయిక బాడుగ కారులోనే వెళ్ళిందమ్మా. రానూ పోనూ బాడుగ వాళ్ళ అన్న ఇచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు ముందుసీట్లో వాళ్ళ నాన్న కూర్చున్నాడు. దారి పొడుగునా డ్రైవరు మాట్లాడాడు. అతని పేరేమిటో రెండో ముద్రణలో, అంటూ వస్తే, తప్పకుండా పెడతాను.