వాచ్యం, వ్యంగ్యం, అన్యసన్నిధి: కుటుంబ వినోద పాత్రల లైంగికతపై చర్చ – ఒక ధ్వని సిద్ధాంత పరిశీలన

వ్యాస సంగ్రహం

పిల్లలూ పెద్దలూ కలిసి చూసే కథల్లోని పాత్రలు స్వలింగ ప్రేమికులా కాదా అన్న వివాదం ఆంగ్ల భాషా ప్రపంచంలో తరచుగా తలెత్తుతోంది. అమెరికా బాలల టెలివిజన్ కార్యక్రమం 'సెసమీ స్ట్రీట్'లోని బెర్ట్, ఎర్నీ పాత్రలపై జరిగిన చర్చను ప్రధానంగా తీసుకొని, అందులోని వాదాలను ధ్వని సిద్ధాంతం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాత్ర స్వభావాన్ని తేల్చడం కన్నా, ఒక ప్రేమకు వాచ్యాన్నీ మరొక ప్రేమకు వ్యంగ్యాన్నీ కేటాయించిన పరిస్థితిని గుర్తించడమే విమర్శ పని అని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ధ్వని, అనుమానం, అన్యసన్నిధి, బాలల వినోదం, స్వలింగ ప్రేమ, పాత్రచిత్రణ

1. ప్రవేశిక

కల్పిత పాత్రకు రచన వెలుపల జీవితం లేదు. 'కన్యాశుల్కం' ముగిసిన తరువాత మధురవాణి ఎక్కడికి వెళ్లింది, ఎలా బతికింది అన్న ప్రశ్నలకు సాక్ష్యాలు వెదకి తేల్చగల జవాబు ఉండదు. అయినా పాఠకులు ఆ ప్రశ్నలు వేస్తూనే ఉంటారు. పాత్రను మనిషిగా నమ్మడం పఠనానుభవంలో భాగం; ఆ నమ్మకానికి ఆధారం రచనలో ఎంతవరకు ఉందో చూడడం విమర్శకుని పని.

2018 సెప్టెంబరు 6న భారత సుప్రీంకోర్టు, వయోజనుల పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధాలు నేరం కావని తీర్పునిచ్చింది. అదే నెలలో అమెరికాలో బెర్ట్, ఎర్నీ అనే రెండు బొమ్మ పాత్రల సంబంధంపై పెద్ద చర్చ జరిగింది. ఈ రెండు సంఘటనల మధ్య కార్యకారణ సంబంధం లేదు. అయితే మొదటిది పరిష్కరించని ప్రశ్నను రెండవది ముందుకు తెచ్చింది. చట్టం నేరం కాదన్నదాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే కథలో చెప్పవచ్చునా? 'సకుటుంబ సపరివార సమేతంగా' చూడదగినదన్న మాట ప్రకటనల్లో స్థిరపడిపోయిన తెలుగు సమాజంలోని విమర్శకు కూడా ఈ ప్రశ్న పరాయిది కాదు.

2. వివాద పూర్వాపరాలు

'సెసమీ స్ట్రీట్' 1969 నవంబరు 10న ప్రారంభమైంది. ఎర్నీని జిమ్ హెన్సన్, బెర్ట్‌ను ఫ్రాంక్ ఆజ్ ఆడించారు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఒకే గదిలో వేర్వేరు మంచాలపై పడుకుంటారు. ఎర్నీ అల్లరివాడు, రబ్బరు బాతును వదలడు. బెర్ట్ పద్ధతిగల మనిషి. పావురాలు, పేపర్ క్లిప్పులు అతని ఇష్టాలు. ఎర్నీ విసిగిస్తాడు, బెర్ట్ విసుక్కుంటాడు, మళ్లీ ఇద్దరూ కలిసిపోతారు. వారి సన్నివేశాలలో అధికభాగం ఈ చట్రంలోనే సాగుతుంది.

2011లో న్యూయార్క్ రాష్ట్రం స్వలింగ వివాహాన్ని చట్టబద్ధం చేసిన తరువాత, ఈ ఇద్దరికీ పెళ్లి చేయాలని ఆన్‌లైన్‌లో సంతకాల సేకరణ జరిగింది. నిర్మాణ సంస్థ సెసమీ వర్క్‌షాప్ నిరాకరించింది. వారు ప్రాణస్నేహితులని, తమకు భిన్నమైనవారితోనూ స్నేహం చేయవచ్చునని పిల్లలకు నేర్పడానికి పుట్టిన పాత్రలని, బొమ్మలు గనుక వారికి లైంగిక అభిముఖత లేదని వివరించింది. 2013లో అమెరికా సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు అనుకూలంగా తీర్పునిచ్చినప్పుడు 'ది న్యూయార్కర్' పత్రిక ముఖచిత్రంపై ఈ జంటే కనిపించింది. 2018లో, 1980లలో ఆ కార్యక్రమానికి రాయడం మొదలుపెట్టిన మార్క్ సాల్ట్స్‌మన్ ఒక సంభాషణలో, తాను వారిని రాసేటప్పుడు అటువంటి జంటగానే భావించానని చెప్పాడు. సినిమా ఎడిటర్ అయిన తన సహచరుడితో గడిపిన జీవితమే ఆ రచనకు ఆధారమన్నాడు. సంస్థ మళ్లీ కాదన్నది. ఆజ్ కూడా కాదన్నాడు.

3. అనుమానం వేరు, ధ్వని వేరు

ఇటువంటి చర్చలో వినిపించే పఠనాలన్నీ ఒకే కోవకు చెందవు. 1999 ఫిబ్రవరిలో అమెరికా మతబోధకుడు జెర్రీ ఫాల్వెల్ నడిపిన పత్రిక, బ్రిటిష్ శిశు కార్యక్రమం 'టెలిటబ్బీస్'లోని టింకీ వింకీ స్వలింగ ప్రేమకు సంకేతమని తల్లిదండ్రులను హెచ్చరించింది. చూపిన కారణాలు మూడు: ఊదా రంగు, తలపై త్రికోణం, చేతిలో సంచి. 2007లో పోలండ్ బాలల హక్కుల అధికారి ఒకరు ఇదే అనుమానంపై నిపుణుల పరిశీలన కోరాలన్న ఆలోచనను ప్రస్తావించి, తరువాత విరమించుకున్నారు.

ఈ పద్ధతిని అర్థం చేసుకోవడానికి ఆలంకారికుల పాత వివాదం ఒకటి ఉపయోగపడుతుంది. ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం'లో ఉదాహరించిన ఒక ప్రాకృత గాథ, హాలుని 'గాథాసప్తశతి'లోనిది, గోదావరి తీరంలో జరుగుతుంది. ప్రియునితో తాను కలుసుకొనే చోటికి రోజూ వచ్చే ధార్మికునితో ఒక స్త్రీ మాట్లాడుతుంది. అతన్ని భయపెట్టే కుక్కను అక్కడి పొదలో ఉండే సింహం చంపింది గనుక ఇక నిశ్చింతగా తిరగమంటుంది. వాచ్యం విధి, వ్యంగ్యం నిషేధం. మహిమభట్టు 'వ్యక్తివివేకం'లో ఇది ధ్వని కాదు, అనుమానమే అన్నాడు: సింహం ఉన్నచోటికి భీరువు వెళ్లడు. మమ్మటుడు దాన్ని ఖండించాడు. గురువు ఆజ్ఞ వల్లనో ప్రియురాలిపై అనురాగం వల్లనో భీరువైనా వెళ్లవచ్చు. కాబట్టి ఆ హేతువు అనైకాంతికం. వ్యంగ్యం హేతువుతో నిరూపణయ్యేది కాదు, సందర్భ విశేషం వల్ల స్ఫురించేది.

ఫాల్వెల్ పత్రిక చేసింది అనుమానం; అదీ అనైకాంతిక హేతువులతో. ఊదా రంగు, సంచి లోకంలో ఎవరికైనా ఉండవచ్చు. పాత్ర మాటలు, చేష్టలు, ఇతర పాత్రలతో దాని సంబంధం ఆ వాదంలోకి రాలేదు. బెర్ట్, ఎర్నీల విషయంలోనూ 'ఒకే గది' అన్నదాన్ని నిరూపణగా చూపితే అదే దోషం వస్తుంది. అన్నదమ్ములూ ఒకే గదిలో ఉంటారు. కానీ ఆ జంట దైనందిన జీవితంలో తమ ఇంటిని చూసుకున్న ప్రేక్షకుల అనుభవం హేతువాదం కాదు, సహృదయ సంవాదం. ఒకటి పాత్రను దోషిగా నిలబెట్టడానికి ఆనవాళ్లు వెదికింది. మరొకటి పాత్రలో తన జీవితాన్ని గుర్తుపట్టింది. ఈ రెండింటినీ 'అతిగా చదవడం' అన్న ఒకే మాటతో తోసివేయడం విమర్శ కాదు.

4. వక్త ఎవరు?

వ్యంగ్యార్థ స్ఫురణకు తోడ్పడే విశేషాలను మమ్మటుడు లెక్కించాడు. వక్త, బోద్ధవ్యుడు, కాకువు, వాక్యం, వాచ్యం, అన్యసన్నిధి, ప్రస్తావం, దేశం, కాలం వాటిలో ఉన్నాయి. ఈ చర్చలో మొదటి చిక్కు వక్త దగ్గరే వస్తుంది.

హారీ పోటర్ నవలల చివరి భాగం 2007 జూలైలో వెలువడింది. అక్టోబరులో న్యూయార్క్‌లో జరిగిన పాఠక సభలో రచయిత్రి జె.కె. రౌలింగ్, డంబుల్డోర్‌ను తాను స్వలింగ ప్రేమికుడిగానే భావించానని చెప్పింది. అక్కడ వక్త ఒక్కరే. యౌవనంలో గ్రిండెల్వాల్డ్ పట్ల డంబుల్డోర్‌కు కలిగిన గాఢమైన ఆకర్షణ, అది అతని వివేకాన్ని కప్పివేసిన తీరు చివరి నవలలో ఉన్నాయి. రచయిత్రి మాట ఆ వ్యంగ్యాన్ని బలపరచింది. కానీ నవలల్లో దాన్ని వాచ్యం చేయలేదు. పుస్తకంలో రాయని వాక్యాన్ని సభలో చెప్పినంత మాత్రాన అది రచనలో భాగం కాదు.

'సెసమీ స్ట్రీట్'లో వక్తలు అనేకులు. బొమ్మను ఆడించినవారు, దశాబ్దాలుగా సన్నివేశాలు రాసినవారు, హక్కులున్న సంస్థ అందరూ వక్తలే. సాల్ట్స్‌మన్ తరువాత తన మాటను వివరిస్తూ, పాత్రలకు ముద్ర వేయడం తన ఉద్దేశం కాదని, తన సహజీవనమే ఆ జంట స్వభావాన్ని రాయడానికి తోడ్పడిందని చెప్పాడు. ఈ సవరణ విలువైనది. కవి అనుభవం రచనకు ధాతువు కావడం వేరు, రచన ఆ అనుభవానికి పత్రంగా మారడం వేరు. ఆజ్ మొదట, మనిషిని ఆ ఒక్క లక్షణంతోనే నిర్వచించడం ఎందుకని ప్రశ్నించాడు. తరువాత, చాలామంది వారిని ప్రేమగల స్వలింగ జంటకు ప్రతినిధులుగా చూస్తున్నారని తెలుసుకొని, అది మంచి విషయమేనని అంగీకరించాడు. తన ఉద్దేశాన్ని వదులుకోకుండానే ప్రేక్షకుల అర్థానికి చోటిచ్చాడు. 1967లో రోలాఁ బార్త్ రచయిత మరణాన్ని ప్రకటించిన వ్యాసం కన్నా, ఒక పాత్రను సృష్టించినవారిలో ఒకడు చేసిన ఈ సర్దుబాటు చర్చకు ఎక్కువ పనికివస్తుంది.

5. అన్యసన్నిధి: కుటుంబ వినోదపు లక్షణం

మమ్మటుని జాబితాలో ఈ విషయానికి అత్యంత కీలకమైనది అన్యసన్నిధి. మాట ఒకరితో సాగుతుండగా మరొకరు వింటూ ఉండడం వల్ల అర్థం రెండు పొరలుగా చీలుతుంది. కుటుంబ వినోదం నిర్వచనమే అన్యసన్నిధి. బోద్ధవ్యుడు పసివాడు, పక్కన పెద్దలుంటారు. 'సెసమీ స్ట్రీట్' మొదటినుంచీ పిల్లలతోపాటు తల్లిదండ్రులూ కూర్చుని చూడాలని, పెద్దలకు మాత్రమే అందే హాస్యాన్ని కూడా కలిపి రూపొందింది. పిల్లవాడికి ఎర్నీ అల్లరి, పెద్దవారికి ఏళ్ల తరబడి కలిసి బతికినవారి సర్దుబాటు ఒకే సన్నివేశంలో కనిపించడం ప్రమాదవశాత్తు జరిగింది కాదు.

అన్యసన్నిధి ఎల్లప్పుడూ స్వచ్ఛందం కాదు. హాలీవుడ్‌లో 1930లో రూపొంది, 1934 నుంచి కఠినంగా అమలై, 1968 వరకు కొనసాగిన నిర్మాణ నియమావళి స్వలింగ ప్రేమ ప్రస్తావనను, సూచనను కూడా నిషేధించింది. చెప్పకూడనిది వేషంలో, నడకలో, హాస్యపాత్రల్లో, ప్రతినాయకుల్లో దాగింది. వీటో రుస్సో 1981లో వెలువరించిన 'ది సెల్యులాయిడ్ క్లాజెట్' ఈ చరిత్రను గ్రంథస్థం చేసింది. నియమావళి పోయినా అలవాటు మిగిలింది. డిస్నీ 'ది లిటిల్ మెర్మెయిడ్' (1989)లోని మంత్రగత్తె అర్సులా రూపానికి స్త్రీవేషధారి డివైన్ ప్రేరణ. ప్రతినాయికగా రావడానికి లేని అడ్డు నాయికగా రావడానికి ఉన్నది. దశాబ్దాలపాటు ఇటువంటి సంకేతాలను చదవడం నేర్చుకున్న ప్రేక్షకులు బెర్ట్, ఎర్నీలను కూడా అదే చూపుతో చూశారంటే, ఆ చూపు వారికి అలవాటు చేసింది నిషేధమే.

6. 'బొమ్మలకు లైంగికత లేదు'

సంస్థ చెప్పిన కారణాన్ని ఈ నేపథ్యంలో పరీక్షించాలి. బొమ్మలకు లైంగిక అభిముఖత ఉండదన్న సూత్రం అన్ని బొమ్మలకూ వర్తించాలి. కానీ అదే వీధిలో చెత్తడబ్బాలో నివసించే ఆస్కర్‌కు గ్రండ్‌గెట్టా అనే ప్రియురాలు ఉంది. ఆమెను ప్రియురాలని చెప్పినప్పుడు బొమ్మకు అభిముఖతను అంటగట్టారని ఎవరూ ఆక్షేపించలేదు. మనుషుల పాత్రలైన మరియా, లూయిస్‌లకు 1988లో కార్యక్రమంలోనే పెళ్లి జరిగింది; మరుసటి సంవత్సరం బిడ్డ పుట్టింది. స్త్రీపురుష ప్రేమ ఆ వీధిలో వాచ్యం. దాన్ని ఎవరూ 'లైంగికత' అని పిలవరు, కుటుంబం అంటారు. స్వలింగ ప్రేమ ప్రస్తావన రాగానే అదే విషయం 'లైంగికత' అవుతుంది.

ఇది ఔచిత్యానికి సంబంధించిన వాదం. అనౌచిత్యమే రసభంగానికి కారణమన్న ఆనందవర్ధనుడు, ఔచిత్యానికి ప్రసిద్ధిని ప్రమాణంగా చూపాడు. ప్రసిద్ధి లోకంతోపాటు మారుతుంది. మారేదాన్ని బొమ్మ స్వభావంగా ప్రకటించడంలోనే సంస్థ సమాధానం బలహీనపడింది. ఆ పాత్రలను తాము అలా రూపొందించలేదన్న మాట వరకే చెప్పి ఉంటే అది ఖండించలేనిది.

7. స్నేహపక్షం

ఈ చర్చలో స్నేహం పక్షాన వినిపించే వాదాన్ని తేలికగా తీసుకోరాదు. ఇద్దరు మగవాళ్ల ఆత్మీయతను చూసిన ప్రతిచోటా ప్రేమనే వెదికితే, మగవాళ్ల మధ్య మృదువైన స్నేహానికి సాహిత్యంలో చోటు మిగలదు. ఆప్యాయంగా ఉండే మగపిల్లవాడిని అనుమానించే సమాజానికి ఆ పఠనం తెలియకుండానే సాయపడవచ్చు. రతికి మిత్రాదులు విషయమైనప్పుడు అది శృంగార రసం కాదు, భావం అని ఆలంకారికులు వేరుచేసి చెప్పడంలోనూ ఈ జాగ్రత్త ఉంది.

ధ్వని భేదాలే దీనికి సమాధానమిస్తాయి. అవివక్షితవాచ్య ధ్వనిలో వాచ్యం పక్కకు తప్పుకొంటుంది. వివక్షితాన్యపరవాచ్య ధ్వనిలో వాచ్యం నిలిచి ఉంటూనే మరొక అర్థానికి దారి ఇస్తుంది. 'వారు స్నేహితులు కారు, ప్రేమికులు' అనే పఠనం మొదటి కోవలోకి వస్తుంది. అది రచన చెప్పినదాన్ని తోసివేస్తుంది. 'వారు స్నేహితులు, ఆ స్నేహంలో ఒక జంట జీవితం కూడా స్ఫురిస్తుంది' అనే పఠనం రెండవ కోవలోకి వస్తుంది. రెండవది స్నేహాన్ని హరించదు. స్నేహాన్ని చూడవచ్చిన పసివాడికి స్నేహమే దొరుకుతుంది. తన ఇంటి పోలిక వెదికినవారికి ఆ పోలిక దొరుకుతుంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. బాహ్య చిహ్నాల నుంచి పాత్ర స్వభావాన్ని అనుమానించడం, సన్నివేశాల నుంచి స్ఫురించే అర్థాన్ని గ్రహించడం భిన్నమైన పనులు; మొదటిది హేతుదోషంతో కూడినది. కర్త మాట వ్యంగ్యాన్ని బలపరచగలదు గాని రచనలో లేనిదాన్ని చేర్చలేదు, ఉన్నదాన్ని తుడిచివేయలేదు. స్త్రీపురుష ప్రేమను వాచ్యంగా అనుమతించి స్వలింగ ప్రేమను మాత్రం 'లైంగికత' పేరుతో వారించడం తటస్థత కాదు.

2021 జూన్‌లో 'సెసమీ స్ట్రీట్' ఒక భాగంలో ఫ్రాంక్, డేవ్ అనే దంపతులను, వారి కూతురు మియాను పరిచయం చేసింది. ఇద్దరు తండ్రులున్న ఆ ఇల్లు ఏ సంకేతమూ లేకుండా, మిగతా కుటుంబాల వలెనే కనిపించింది. వాచ్యంగా చెప్పడానికి వీలు కలిగినప్పుడు, చెప్పలేనిదాన్నంతా మోయవలసిన భారం బెర్ట్, ఎర్నీల వంటి పాత్రలపై తగ్గుతుంది. వ్యంగ్యం కావ్యానికి ఆత్మ అన్న మాట, కవి దాన్ని ఎంచుకున్నప్పుడే సార్థకం. మాట్లాడనివ్వని చోట అది ఎంపిక కాదు, గత్యంతరం లేమి. తెలుగు కుటుంబ కథలను, చిత్రాలను పరిశీలించే విమర్శ కూడా పాత్ర ఎవరని అడగడానికి ముందు, ఆ పాత్రకు ఏ మాట వాచ్యంగా పలికే వీలుండిందో అడగవలసి ఉంది.