తవుడు చేపలకు, తెల్లన్నం మనకు

తాడేపల్లిగూడెం, ఏలూరు చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో ధాన్యం ఆడిస్తే బియ్యం ఒక దారిన, తవుడు ఇంకో దారిన పోతాయి. నూనె తీశాక మిగిలిన తవుడు లారీలకెక్కి కొల్లేరు చేపల చెరువులకు మేతగా చేరుతుంది. బొచ్చెలూ శీలావతులూ అది తిని బరువెక్కి, ఐసు పెట్టెల్లో బెంగాల్‌కూ అస్సాంకూ ప్రయాణమవుతాయి. వరి గింజలో బి విటమిన్లు ఎక్కువగా ఉండేది పై పొరలోనూ మొలకలోనూ. అవి చేపకు పోతున్నాయి, చేప పరాయి ఊరికి పోతోంది, రెండింటికీ నడుమ ఉన్న ఇంటికి మిగిలేది మల్లెపువ్వులాంటి తెల్లన్నం. ఆ ఇంటివాళ్ళే పిల్లలకు తరచూ జలుబు చేస్తోందని మందుల షాపులో ఇమ్యూనిటీ సిరప్ కొంటున్నారు. ఒంటి రక్షణకు కావలసినవి ఎక్కడో అడవి మూలికల్లో దాగి లేవు. డెల్టా వంటింట్లో ఉండేవి, మనమే ఒక్కొక్కటిగా జారవిడుచుకున్నాం. పాత వంట పద్ధతుల విలువ ఆ జారిపోయేదాన్ని పట్టి నిలపడంలోనే ఉంది. అంతకుమించి మహిమలు వాటికి అంటగడితే వాటికే చేటు.

రోగనిరోధక శక్తి అనేది చెంచాలతో పోసి పెంచే సరుకు కాదు. క్రిమి ఒంట్లోకి వచ్చినప్పుడు తెల్లకణాలు రోజుల్లోనే లక్షలుగా విభజన చెందాలి. అందుకు మాంసకృత్తులు, ఫోలేట్, ఇనుము, జింకు, విటమిన్ ఎ, సి, డి అన్నీ అందుబాటులో ఉండాలి. ఏ ఒక్కటి లోపించినా ఆ పని కుంటుపడుతుంది. అన్నీ సరిపడా ఉన్న మనిషికి వాటినే ఇంకా దట్టిస్తే పెద్దగా ఒరిగేదేమీ లేదు. 1970లో లైనస్ పాలింగ్ అంతటి శాస్త్రవేత్త విటమిన్ సి జలుబును ఆపుతుందని పుస్తకం రాశాడు. తర్వాత జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, రోజూ సి మాత్ర మింగే మామూలు జనానికి జలుబు రావడం తగ్గలేదు, వచ్చిన జలుబు మాత్రం పెద్దల్లో ఎనిమిది శాతం, పిల్లల్లో పద్నాలుగు శాతం ముందుగా తగ్గింది. విటమిన్ ఎ సంగతి వేరు. 1986లో ఇండోనేషియాలోని అచే ప్రాంతంలో పసిపిల్లలకు ఇస్తే మరణాలు మూడోవంతు తగ్గాయి. 1990లో తమిళనాడులో సగానికి పైగా తగ్గాయి. అదే ఏడు హైదరాబాద్ పరిసర గ్రామాల ఫలితాలు వెలువడితే తేడా ఏమీ కనబడలేదు. ఒకే విటమిన్‌కు ఇన్ని ఫలితాలేమిటని కొందరు తికమకపడతారు. లోటు ఎంత లోతుగా ఉందో, పిల్లల దగ్గరికి వైద్యం ఎంత తరచుగా చేరుతోందో ఊరికో తీరుగా ఉన్నప్పుడు ఫలితమూ ఊరికో తీరుగానే ఉంటుంది. లోటున్నచోట పోషకం ప్రాణం నిలుపుతుంది, లోటు లేనిచోట ఊరికే ఉంటుంది. ఇంటి ఆహారం గురించి ఏం మాట్లాడుకున్నా ఈ ఒక్క విషయం మీద నిలబడి మాట్లాడుకోవాలి.

లోటు ఎలా పుడుతుందో తెలుగు తీరానికి తెలిసినంత చేదుగా ఇంకే తీరానికీ తెలియదేమో. ఉత్తర సర్కారులు బెరిబెరికి పేరుపడ్డ ప్రాంతం. కాళ్ళు తిమ్మిరెక్కి, ఒళ్ళు ఉబ్బి, గుండె ఆగి జనం పోయేవారు. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన మాల్కంసన్ 1835లోనే ఈ జబ్బు మీద ఒక గ్రంథం రాశాడు. బి విటమిన్లలో ఒకటైన థయమిన్ లోటే కారణమని తేలడానికి ఇంకో వందేళ్ళ దాకా పట్టింది. కూనూరులో పోషకాహార శాస్త్రవేత్త మెకారిసన్, ఆయన తర్వాత ఎక్రాయిడ్ బియ్యం మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. కింది తమిళ జిల్లాల్లో ఎక్కువమంది తినేది ఉప్పుడు బియ్యం. వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు పై పొరలోని థయమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, తర్వాత ఎంత పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. మనవాళ్ళు తిన్నది పచ్చి బియ్యం. దంపుడు రోజుల్లో రోకలికి తప్పించుకున్న పొర, మరమిల్లు వచ్చాక దాదాపు అంతా రాలిపోయింది. మిగిలిన కాస్తా కడుగు నీళ్ళతో, వార్చిన గంజితో పోయింది. గోదావరి జిల్లాల మిల్లులు ఇప్పటికీ ఉప్పుడు బియ్యం పట్టి కేరళకు పంపుతాయి. మన పళ్ళెంలోకి మాత్రం దాన్ని రానివ్వం, వాసనంటాం. పూర్తి దంపుడు బియ్యం నోటికి ఎక్కదనేవాళ్ళు ఒక్క పట్టు పట్టించిన స్వర్ణ బియ్యం తెచ్చుకుని, రెండుసార్లకు మించి కడగకుండా, అత్తెసరు పెట్టుకుంటే చాలు. గంజి వార్చే ఇంట్లో ఆ గంజిని పారబోయకుండా పప్పులోనో చారులోనో కలిపేస్తే సగం నష్టం తప్పుతుంది.

వార్చిన గంజికీ మిగిలిన అన్నానికీ డెల్టా ఇల్లు కనిపెట్టిన గొప్ప ఉపాయం తరవాణి, చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నాన్ని ఆరిన వెంటనే మట్టికుండలో వేసి, మునిగేదాకా నీళ్ళు పోసి, కాస్త మజ్జిగ తోడు వేస్తారు. తెల్లారేసరికి లాక్టిక్ ఆమ్లం పుట్టించే సూక్ష్మజీవులు అందులో స్థిరపడి పులుపు తెస్తాయి. ఆ పులుపే చెడ్డ క్రిములను అణచిపెడుతుంది. పొద్దున్నే పెరుగు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తింటే కడుపు చల్లగా ఉంటుంది. గింజలో ఇనుమునూ జింకునూ పట్టి ఉంచే ఫైటేట్ పులియడంతో కొంత విడిపోతుంది కాబట్టి ఉన్న ఖనిజం ఒంటికి సులువుగా పడుతుంది. ఒక్క రాత్రి నానితే అన్నంలో ఇనుము ఇరవై రెట్లవుతుందని ఒక లెక్క ఫోన్లలో తిరుగుతోంది. ఇనుము మూలకం, సూక్ష్మజీవి దాన్ని కొత్తగా పుట్టించలేదు. అది నిజం కాదు, చద్దన్నానికి ఆ గొప్ప అవసరమూ లేదు. పులిసిన ఆహారం గురించి గట్టి ఆధారం 2021లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చింది. పది వారాలు పెరుగు వంటి పులిసిన పదార్థాలు ఎక్కువగా తిన్నవాళ్ళ పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగి, రక్తంలో వాపుకు సంబంధించిన ప్రోటీన్లు తగ్గాయి. పాల్గొన్నది ముప్పై ఆరు మందే, తిన్నది మన చద్దన్నమూ కాదు. ఆ మేరకు ఆచితూచి నమ్మాలి. జాగ్రత్త కూడా చెప్పాలి. నీళ్ళు పోయకుండా ఉక్కపోతలో రాత్రంతా వదిలేసిన అన్నం చద్దన్నం కాదు, పాసిపోయిన అన్నం. దానిలో విషం పుడితే మళ్ళీ వేడిచేసినా పోదు. జిగురు సాగినా, పులుపు కాని వాసన వచ్చినా పారబోయాలి. గర్భిణులకూ ఏడాది నిండని బిడ్డలకూ పెట్టకపోవడమే మేలు.

ఆకుకూర దగ్గరికొస్తే ఈ ప్రాంతానికి ఒక హక్కు ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములను జబ్బులకు పోగొట్టుకున్నాడు. ఆహారంలోని సారం పేగులకు పట్టకుండా మనిషిని ఎండగట్టే స్ప్రూ ఆయన్నీ పట్టుకుంది. పశ్చిమ గోదావరిలోనే పుట్టిన ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నాడు. తర్వాత అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకూ, గర్భిణుల రక్తహీనతకూ అది మందయింది. అంతకు నాలుగేళ్ళ ముందు టన్నుల కొద్దీ పాలకూరలోంచి ఆ పదార్థాన్ని వేరు చేశారు కాబట్టే ఆకు పేరు మీద దానికి ఆ పేరొచ్చింది. ఒకే మనిషి జీవితంలో ఆయుర్వేదమూ ఆకుకూరా మందు బిళ్ళా పేచీ లేకుండా ఇమిడాయి. వాటి మధ్య తగువు పెట్టేవాళ్ళు ఈ కథ చదవాలి. ఫోలేట్ నీళ్ళలో కరుగుతుంది, ఎక్కువసేపు మరిగిస్తే నశిస్తుంది. ఆకును ఉడికించి నీళ్ళు పిండేసే వంటలో అది మోరీ పాలు. మన పప్పుకూరలో ఆ నష్టం జరగదు. తోటకూరో పొన్నగంటో ముందే కడిగి, తర్వాత తరిగి, ఉడికిన కందిపప్పులో చివరగా వేసి మూతపెడితే ఊరిన నీరంతా పప్పులోనే ఉంటుంది. పచ్చి మామిడికాయ, చింతచిగురు, దించాక పిండిన నిమ్మరసం, ఏ పులుపైనా ఆకులోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. నూనె తాలింపు లేకపోతే ఆకులోని కెరోటిన్ ఒంటికి సరిగా ఎక్కదు, కాబట్టి తాలింపు రుచికోసమే కాదు. ఇంత నేర్పుగా వండి, భోజనం కాగానే టీ తాగితే ఆ ఇనుములో చాలా భాగం టీలోని టానిన్లకు చిక్కుతుంది. గంట ఆగాలి. పెరట్లో మునగచెట్టు, జామచెట్టు ఉన్న ఇంటికి ఖర్చు కూడా లేదు. నూరు గ్రాముల జామపండులో రెండు వందల మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది, పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది ఎనభై లోపే.

కొల్లేరు ఇచ్చే అసలు సంపద పెద్ద చేప కాదు, పరిగెలూ జెల్లలూ వంటి చిన్న చేపలు. పెంపకం బొచ్చెను ముక్కలు కోసి కండ మాత్రం తింటాం. పరిగెను తలా ముల్లూ కన్నూ కలిపి మొత్తంగా తింటాం. కాల్షియం ముల్లులో ఉంది. బంగ్లాదేశ్‌లో మోలా అనే చిన్న చేపను పరీక్షిస్తే విటమిన్ ఎ పెద్ద కార్ప్ చేపల కండలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా, అదీ ఎక్కువగా కన్నులోనూ పేగుల్లోనూ తేలింది. అక్కడి రైతులు కార్ప్ చెరువుల్లోనే దాన్నీ పెంచి ఇంటికి వాడుకుంటున్నారు. మన చెరువుల్లో విత్తనం వదిలేముందు చిన్న చేపలను చెత్తగా ఏరిపారేస్తారు. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొంది, 2006లో చెరువు గట్లు తెగ్గొట్టేదాకా వెళ్ళిన సరస్సు చర్చలో పక్షుల లెక్క, ఎకరాల లెక్క వినబడ్డాయి. గట్టు మీద ఇంటి పిల్లవాడి పళ్ళెంలోంచి పరిగె పులుసు మాయమైన లెక్క ఎవరూ తీయలేదు. నా దృష్టిలో అదే పెద్ద నష్టం. చేప తినని ఇళ్ళకు పాలు, పెరుగు, పప్పు, నువ్వులు ఉన్నాయి. బి12 మాత్రం పాలలో కొద్దిగానే దొరుకుతుంది కనుక వాళ్ళు దానికి రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. నీళ్ళే విషమైనచోట కూరాకు ఏం కాపాడుతుంది? 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛలతో కుప్పకూలారు. ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనబడ్డాయి. పురుగుమందుల మీదా అనుమానం వచ్చింది. అలాంటి దెబ్బను ఏ చద్దన్నమూ ఆపదు. మంచినీళ్ళ గొట్టం, మురుగుకాలువ, పొలంలో పిచికారీ ఇవి సర్కారూ సమాజమూ చేయాల్సిన పనులు. వాటిని వంటగది మీదికి నెట్టడం అన్యాయం. ఇంటి చేతిలో ఉన్న కొద్దిపాటి పని ఏదంటే కూరగాయలను ధారగా పారే నీళ్ళలో కడగడం, పసుపు పొడి కొనకుండా, మెరుగు పెట్టని కొమ్ములు కొని ఆడించుకోవడం. పసుపు కొమ్ములకు మెరుపు తేవడానికి సీసం ఉన్న లెడ్ క్రోమేట్ పట్టిస్తున్నారని బంగ్లాదేశ్‌లో పరిశోధకులు 2019లో నిరూపించారు, మన బజారు దానికి అతీతం కాదు. రోగనిరోధక శక్తి కోసమని పాలలో కలిపిన పసుపే పిల్లల మెదడుకు సీసం మోసుకొచ్చే ప్రమాదం ఉన్నప్పుడు ఈ జాగ్రత్త చిన్నది కాదు.

రెండో అభ్యంతరం సంప్రదాయం మీదే, అందులో నిజం ఉంది. మన పెద్దలు ముర్రుపాలు పిండి పారబోయించారు, బిడ్డకు దొరికే మొట్టమొదటి రక్షణ అదేనని తెలియక. బాలింతకు నీళ్ళు తగ్గించి, ఆకుకూర మాన్పించి, కారపు ముద్దలతో నెల గడిపించారు. లంఖణం పరమౌషధమని జ్వరమొచ్చిన పసివాణ్ణి కడుపు మాడ్చారు. ప్రకృతి వైద్యమంటే మనకు అభిమానం ఎక్కువ. జర్మనీ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే పుస్తకాన్ని డి. వెంకటచలపతి శర్మ 1894లో తెలుగులోకి తేవడంతోనే ఈ దేశంలో ఆ ఉద్యమం మొదలైందంటారు. అభిమానం ఉన్నచోటే నిగ్రహం కావాలి. కోవిడ్ కాలంలో తిప్పతీగ రసం విడవకుండా తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్ళ గురించి 2021లో ముంబై వైద్యులు రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. వివాదం ఎలా ఉన్నా, నెలల తరబడి రోజూ తాగే కషాయం ఆహారం కాదు, మందు. మందుకు మోతాదూ గడువూ ఉండాలి. పూటపూటా తినే పప్పుకూరకు ఆ భయం లేదు. టీకా చేసే పని తిండి చేయలేదు, కడుపుతో ఉన్న అమ్మాయికి ఇచ్చే ఐరన్ ఫోలిక్ బిళ్ళ పని తోటకూర ఒక్కటే చేయలేదు. ఈ హద్దులు ఒప్పుకున్నాకే పాత వంటను ధైర్యంగా వెనకేసుకు రాగలం.

ఇక మిగిలింది పని ఎవరు చేస్తారన్న ప్రశ్న. ఆకు ఏరడం, పరిగెలు తోమడం, కుండ కడగడం గంటల పని, అది ఆడవాళ్ళ మీదే పడింది. రైస్ కుక్కరూ ప్యాకెట్టూ వాళ్ళకు ఊపిరి తీసుకునే తీరిక ఇచ్చాయి, ఆ తీరిక లాక్కుని ఆరోగ్యం తెమ్మనడం తగదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి, ఆరు నెలలు నిండిన ఐదేళ్ళలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. దేశానికే అన్నం పెట్టే డెల్టా ఉన్న రాష్ట్రం లెక్క ఇది. ఇంట్లో అందరికీ వడ్డించి చివర తినే మనిషికి పప్పు అడుగున నీళ్ళు, చేప పులుసులో పులుసు మాత్రం మిగులుతాయి. కాబట్టి ఆకుకూర కట్ట తెచ్చిన మగవాడే అది ఏరి కడిగి ఇవ్వాలి, చేపలు తెచ్చినవాడే తోమాలి, అందరూ ఒకే బంతిలో కూర్చుని తినాలి.